విడుదల వాయిదా పడిన వేసవి

తెరమీద ఉన్న తెలుగును పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేస్తూ నేను చాలా ఏళ్ళు గడిపాను. అది నా ఉద్యోగం కాదు. ఉద్యోగం హైదరాబాదులోని ఒక కంపెనీలో. ఆత్మకూరులో మా ఇంటి మేడమీద గదిలో కూర్చుని చేసేదాన్ని, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను. ఈ రెండో పని మాత్రం పొద్దున్నే ఇంట్లోవాళ్ళు లేవకముందు, ఆదివారాలు భోజనాలయ్యాక. ఇలాంటిదాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. కోడంతా బయటే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. రూపాయి కట్టక్కర్లేదు. మా ఆయన దానికి "నీ ధర్మసత్రం" అని పేరు పెట్టాడు. అది ఎగతాళీ కాదు, మెచ్చుకోలూ కాదు.

మొదలుపెట్టింది నేనూ, కాలేజీలో నాతో చదివిన ఒక స్నేహితుడూ. అతనిది జలదంకి. ఉండేది బెంగళూరులో. గొంతు పుట్టించే భాగం అతను రాశాడు. రాసి ఉన్నది చూసి దాన్ని ఎలా పలకాలో తేల్చే భాగం నాది. చెప్పడానికి తేలికే గానీ, మనిషి చదివేటప్పుడు తనకు తెలియకుండా చేసే పనులన్నీ ఒక్కొక్కటిగా పట్టుకుని మరకు నేర్పాలి. "డా." అని ఉంటే డాక్టరనాలి. "రూ." అన్నది అంకెకు ముందు రాస్తాం, పలికేటప్పుడు అంకె తర్వాత రూపాయలంటాం. "10.30" బస్సు టైమైతే పదిన్నర, మార్కులైతే కాదు.

మూడో మనిషి వచ్చేదాకా మేము రాసింది మా ఇద్దరి సరదాగానే ఉండింది. ఆమె ఉదయగిరి అమ్మాయి. చిన్నప్పుడు జబ్బు చేసి చూపు పోయింది. డిగ్రీ చదివింది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఫోనూ కంప్యూటరూ చెవులతో వాడేది. మా సాఫ్ట్‌వేర్ దొరికిందని మెయిల్ రాసింది. మొదటి మెయిలే ఇలా ఉంది: "మీరు చేసింది ఉదయగిరి అనే మాటని బాగా పలుకుతా ఉండాది. కలువాయి అనే ఊరి పేరుని మాత్రం ఎవరో గిల్లినట్టు పలుకుతా ఉండాది. సరిచేస్తారా?"

సరిచేశాను. మర్నాడు ఇంకొకటి రాసింది. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి. మాకు అంతవరకూ "బాగుంది, గొప్ప సేవ" అన్నవాళ్ళే తప్ప, ఫలానా మాట ఫలానా చోట తప్పని చెప్పినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకు నేను బస్సెక్కి ఉదయగిరి వెళ్ళి ఆమెను చూశాను. వాళ్ళది కొండకు దగ్గర్లో చిన్న ఇల్లు. వాళ్ళ నాన్న కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. వాళ్ళమ్మ వాటిని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తూ కూర్చుని ఉంది. ఆ అమ్మాయి లాప్‌టాప్ తెరిచి మా గొంతును వినిపించింది. అది ఎంత వేగంగా పోతోందంటే, నేను రాసినదైనా నాకొక్క మాటా అందలేదు.

"ఇంత స్పీడులో ఎలా అర్థమవుతుంది నీకు?" అన్నాను.

"మీరు చదివేటప్పుడు అక్షరం అక్షరం కూడబలుక్కుంటారా అక్కా? ఇదీ అంతే."

వాళ్ళ నాన్న నాకు టీ ఇస్తూ, "మా బిడ్డ మీ పనిలో తప్పులే చెప్తా ఉండాదంట గదమ్మా. ఇంట్లో కూడా అంతే," అన్నాడు. అందరం నవ్వాం. తిరిగి వచ్చేటప్పుడు రెండు గరిటెలు కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టారు.

ఆ రోజే, బస్టాండు దాకా నాతో నడుస్తూ ఆమె అడిగింది. "అక్కా, దీనికి వన్ పాయింట్ జీరో ఎప్పుడు?"

సాఫ్ట్‌వేర్లకు అంకెలుంటాయి. సున్నాతో మొదలయ్యే అంకె ఉన్నంతకాలం అది ఇంకా పనిలో ఉందనీ, తప్పులుంటే మమ్మల్ని అనొద్దనీ అర్థం. వన్ పాయింట్ జీరో అంటే ఇక నమ్మొచ్చని మేము మాటిచ్చినట్టు. మాది అప్పటికి జీరో పాయింట్ ఎయిట్.

ఆమె అడగడానికి కారణం ఉంది. ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాలకు పరీక్షలు కంప్యూటర్ మీద పెడుతున్నారు. చూపు లేనివాళ్ళకు తెలుగు ప్రశ్నలు చదివి వినిపించే గొంతు ఆ కంప్యూటర్లలో లేదు. పక్కన ఒక మనిషిని కూర్చోబెడతారు. ఆ మనిషి ప్రశ్న చదివి, వీళ్ళు చెప్పిన జవాబు నొక్కాలి. అంతకుముందొకసారి ఆమె అలాగే రాసింది. పక్కన కూర్చున్నావిడ పట్టిక ఉన్న లెక్కను ఒకసారి చదివి, "ఇది చానా పెద్దదమ్మా, వదిలేద్దామా?" అన్నదట. ఈసారి తనంతట తాను వినుకుంటూ రాయాలని ఆమె కోరిక. పరీక్ష పెట్టేవాళ్ళకు ఫోన్లు చేసి, మనిషి మీద మనిషిని పట్టుకుని కనుక్కుంది. పనిలో ఉన్న వెర్షన్లు మేము ఎక్కించం, స్థిరమైన వెర్షన్ ఉంటే చూస్తామన్నారట వాళ్ళు.

"కొంచెం ఆగు. త్వరలోనే," అన్నాను.

నేను కావాలని అబద్ధం చెప్పలేదు. కానీ ఇంటికి వచ్చి స్నేహితుడితో మాట్లాడినప్పుడు మా ఇద్దరికీ ఒకటే అనిపించింది. అంకెలు చదివే భాగం నేను ఏళ్ళ తరబడి అతుకులు వేస్తూ రాసింది. పనిచేసేది గానీ, విప్పి చూస్తే నాకే సిగ్గుగా ఉండేది.

"వన్ పాయింట్ జీరో అని పేరు పెట్టినాక ఎవరెవరో తెరిచి చూస్తారు. ఈ అంకెల భాగం చూస్తే నవ్విపోతారు. తిరగరాసి ఇద్దాం," అన్నాడతను.

నేను అంతకంటే గట్టిగా అనుకున్నాను. తిరగరాయడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పాను.

"పాతది బాగానే చదువుతా ఉండాది గదా అక్కా?"

"చదువుతుంది. లోపల అంతా గందరగోళంగా ఉంది."

"లోపల మీరు చూస్తారు. నేను వినేదే గదా."

ఆ మాటకు నేనేదో సమాధానం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. పునాది, గోడలు, అలాంటిదేదో అయివుంటుంది. ఆమె వాదించలేదు. వానాకాలం పోయింది, చలికాలం పోయింది. కొత్త భాగం అందంగా వచ్చింది. స్నేహితుడు కూడా తన గొంతు భాగాన్ని దానికి తగ్గట్టు మార్చుకున్నాడు. కొత్త కంప్యూటర్లలో నడవడానికి కావలసిన మార్పులన్నీ దాని మీదే చేశాం. ఆ పని చేసిన నెలల్లో నాకెంత తృప్తిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది.

ఎండలు మొదలయ్యే రోజుల్లో నోటిఫికేషన్ పడింది. ఆమె వయసుకు అదే ఆఖరు అవకాశం. పరీక్ష పెట్టేవాళ్ళు ఈసారి స్పష్టంగా చెప్పారు. నెలాఖరులోగా స్థిరమైన వెర్షన్ వస్తే కేంద్రాల్లో ఎక్కిస్తారు, ఆ తర్వాత వచ్చింది ఇక ముట్టుకోరు. మేము అంతకు వారం ముందు ఒక సోమవారం విడుదల అనుకున్నాం. మిగిలిందల్లా చివరిసారి విని చూడడం. దానికి ఆమె పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని కూర్చుంది. రెండు పనులూ కలిసొస్తాయంది.

విడుదలకు కొద్ది రోజుల ముందు ఆమె దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఒకటే వాక్యం. "1,05,000 అని ఉంటే పదిహేను వేలు అంటా ఉండాది."

నేను లాప్‌టాప్‌లో ఆ అంకె కొట్టి విన్నాను. పదిహేను వేలు. ఎక్కడా తడబాటు లేదు. మా స్నేహితుడు ఎంతో కష్టపడి తీర్చిదిద్దిన ఆ నిండు గొంతు, లక్షా ఐదు వేలను పట్టుకుని పదిహేను వేలని నిమ్మళంగా చెప్పింది. కామాల మధ్యనున్న ముక్కలను విడివిడిగా తీసుకునేటప్పుడు కొత్త కోడు ఐదు ముందున్న సున్నాను పారేస్తోంది. పాత కోడులో ఈ తప్పు లేదు. అన్ని అతుకుల్లో ఒక అతుకు దీనికోసమే వేసినట్టున్నాను. ఎందుకు వేశానో మరిచిపోయి తీసేశాను.

ప్రాజెక్టు మొదట్లోనే మేమొక నియమం రాసి పెట్టుకున్నాం. ఏదైనా చదవలేక ఆగిపోతే పరవాలేదు. తప్పు చదివి, అదే ఒప్పని వినేవాళ్ళను నమ్మించకూడదు. అలాంటిది ఒక్కటి ఉన్నా వన్ పాయింట్ జీరో ఇవ్వం.

ఆ సున్నా సంగతి మధ్యాహ్నానికల్లా సరిచేశాను. సాయంత్రానికి 10.05, అంటే పది గంటల ఐదు నిమిషాలు, పదిన్నరైపోయింది. దాన్ని సరిచేస్తే సున్నాతో మొదలయ్యే బ్యాంకు ఖాతా నంబర్లు చెడ్డాయి. ఒక చోట లాగితే ఇంకో చోట ఊడివచ్చేట్టు ఉంది. అంకెల భాగం ముట్టుకున్న ప్రతిసారీ మేము పోగుచేసుకున్న నమూనాలన్నీ మనుషులు మొదట్నుంచీ వినాలి. అంటే వారాల పని. పాతదాన్నే వెనక్కి తెద్దామని చూశాను. మిగతాదంతా కొత్తదాని మీద ఆనుకుని పెరిగిపోయింది, వేరుచెయ్యడానికీ అంతే కాలం పట్టేలా ఉంది.

ఫోన్లో చెప్పే సంగతి కాదనిపించి ఉదయగిరి వెళ్ళాను. వాళ్ళమ్మా నాన్నా ఇంట్లోనే ఉన్నారు. నేను కూర్చున్నాక ఆ అమ్మాయే మొదలుపెట్టింది.

"అక్కా, మీరు నన్ను అడగడానికి వచ్చినారా, చెప్పడానికి వచ్చినారా?"

"అడగడానికే."

"ఈ బగ్గు ఇంకెవరన్నా పంపించుంటే ఏం చేసేవోళ్ళు?"

"ఆపేవాళ్ళం."

"అయితే నన్ను అడగబాకండి."

నేను స్నేహితుడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అతను దారి ఆలోచించి పెట్టుకున్నాడు. చాలామంది చేసేదే అది. విడుదల చేసేద్దాం, ఈ తప్పు ఉందని పక్కన రాసేద్దాం, నెల తిరక్కుండా దిద్దిన వెర్షన్ ఇద్దాం.

"నీకు తెలుసు గదమ్మా ఆ తప్పు. అంకె వచ్చిన చోట ఒక్కొక్క అంకె విడిగా వినుకో. నీ పరీక్ష నువ్వు రాసుకో," అన్నాడు.

"నాకు తెలుసన్నా. నేను జాగ్రత్త పడతా. మిగతావోళ్ళు?"

"రాస్తాం గదా పక్కన."

"ఎవరు చదువుతారన్నా అది? పరీక్షకి వచ్చినోళ్ళు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటారు. లక్షా ఐదు వేలు ఉన్న చోట పదిహేను వేలని విని దానికి లెక్క చేస్తారు. మార్కు పోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనుకోరు. మాకు లెక్కలు రావులే అనుకుంటారు."

వాళ్ళమ్మ చేతిలోని చెంచా కింద పెట్టి ఉర్దూలో కూతురితో ఏదో అంది. కూతురు చిన్నగా జవాబు చెప్పింది. అదేమిటో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్ళ నాన్న లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఆపేద్దాం," అన్నాను నేను.

"సరే," అన్నాడు స్నేహితుడు.

ఆ అమ్మాయి, "టీ తాగినారా అక్కా?" అని అడిగింది.

పరీక్ష రోజున ఆమెను నెల్లూరు తీసుకెళ్ళేది నేనేనని పట్టుబట్టాను. అంతకంటే చెయ్యగలిగిందేమీ లేదు. కారులో దారి పొడుగునా ఆమె పాత ప్రశ్నలు వింటూ కూర్చుంది. కేంద్రం దగ్గర పక్కన చదివే మనిషిని అప్పగించారు. ఈసారి మంచి అమ్మాయే దొరికింది. ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. నేను గేటు బయట చెప్పుల షాపు నీడలో నిలబడ్డాను. నాలాగే చాలామంది నిలబడి ఉన్నారు. ఒక పెద్దాయన తన కొడుక్కి ఇది ఎన్నో పరీక్షో నాకు చెబుతున్నాడు. నేను వింటున్నట్టు తలూపుతున్నాను.

బయటికి వచ్చాక ఎలా రాశావని అడిగాను.

"చదివిన అమ్మాయి మంచిది అక్కా. విసుక్కోలేదు. పట్టిక ప్రశ్న రెండుసార్లు చదివింది. మూడోసారి చదవమనడానికి నాకే మొహమాటమేసింది."

ఆ ఒక్క మాట చాలు. మర అయితే మొహమాటం ఉండేది కాదు. అదే ప్రశ్నను నాలుగుసార్లు, ఐదుసార్లు, తనకు కావలసిన వేగంలో వినుకునేది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం అనలేదు. సంగం దగ్గర ఆగి భోజనం చేశాం. చేపల పులుసు బాగుందని ఆమె మెచ్చుకుంది.

పరీక్ష అయిపోయిన కొన్ని వారాలకు వన్ పాయింట్ జీరో విడుదలైంది. మేము అన్నంత శుభ్రంగానే వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో మెయిళ్ళు వచ్చాయి. ఒకావిడ, తన బ్యాంకు పాసుబుక్కులోని నిల్వ ఎంతో మొదటిసారి ఎవరినీ అడక్కుండా తెలుసుకున్నానని రాసింది. అది చదివి నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను గానీ అందులో వేరేది కూడా కలిసింది. ఆ మెయిల్ ఉదయగిరికి పంపుదామని వేలు మీట మీద పెట్టి, పంపలేదు.

ఫలితాల్లో ఆమె పేరు లేదు. ఎంత తేడాలో పోయిందో నేను అడగలేదు. అది తెలిసినా, మా గొంతుతో రాసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. రాసి ఉన్నా వచ్చేది కాదేమో. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ అది ఓదార్పు కాకుండా, తెలుసుకునే వీలు కూడా లేకుండా చేశామన్న దిగులుగానే మిగిలింది.

ఆమె నుంచి బగ్గులు రావడం ఆగిపోయింది. కోపమేమీ కనబడలేదు. పండక్కి ఫోన్ చేస్తే మామూలుగానే మాట్లాడేది. నాకే ఉదయగిరి బస్సెక్కడానికి కాళ్ళు వచ్చేవి కావు.

ఏడాది దాటాక వెళ్ళాను. ఆ ఇంట్లోనే ముందు గదిలో చూపు లేనివాళ్ళకు ఫోన్ వాడడం నేర్పుతోంది. కొండాపురం వైపు నుంచి కూడా వస్తున్నారట. నేను వెళ్ళేసరికి ఒక నడివయసు ఆయనకు మెసేజ్ ఎలా వినాలో చూపిస్తోంది. ఆ ఫోన్లో మాట్లాడుతున్నది మా గొంతే. ఆయన వెళ్ళిపోయాక మేమిద్దరం మిగిలాం.

"అక్కా, మీకొకటి చెప్పాలి. ఆ బగ్గు దొరికినాక ఒక రోజంతా నా దగ్గరే పెట్టుకున్నా," అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

"ఎవరూ చూళ్ళేదు గదా, పరీక్ష అయినాక చెప్దాంలే అనుకున్నా. అమ్మకి కూడా చెప్పలే."

"మరి ఎందుకు పంపించావు?"

"గొప్ప ఆలోచనేం కాదక్కా. తెల్లారి లేచి ఇంకో పేపర్ తీసినా. దాంట్లో అంకెలు వస్తా ఉండాయి. ప్రతి దాని దగ్గరా ఇది నిజమా కాదా అని ఆగాల్సి వచ్చినాది. అట్టా వినలేకపోయినా. విసుగు పుట్టి పంపించినా." మళ్ళీ అంది. "పంపకుండా ఉంటే బాగుండునని అనుకున్న రోజులు కూడా ఉండాయి. ఊరికే మీకు చెప్తా ఉండా."

అప్పుడు నేను అన్నాను, అన్నాళ్ళుగా లోపల తిరుగుతున్నది. "అది కాదు. అంతకుముందు ఏడు నువ్వు అడిగినప్పుడే ఇచ్చేసి ఉండాల్సింది. పాత కోడు సరిగ్గానే చదివేది. అప్పుడే సిద్ధంగా ఉంది."

"అవునక్కా. ఉండింది," అంది.

పోనీలే అక్కా అంటుందని నేను ఎదురుచూస్తున్నానని, ఆమె అనకపోయాక నాకు తెలిసింది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. మా పనికి ఆమె అంతగా ఉపయోగపడిందీ అందుకే. తర్వాత వాళ్ళ నాన్న వచ్చాడు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాడు, నేను చీకటి పడకముందే బయల్దేరాను.

ఈమధ్య టూ పాయింట్ జీరో మాట వచ్చింది. స్నేహితుడు ఒక భాగం తిరగరాసి ఇద్దామన్నాడు. అతను చెప్పిన కారణాలన్నీ సరైనవే. తిరగరాసేముందు, వాడేవాళ్ళలో ఎవరైనా దీనికోసం ఏదైనా పని ఆపుకుని ఎదురుచూస్తున్నారేమో అడుగుదామన్నాను. అతను వెంటనే సరేనన్నాడు. ఎందుకని అడగలేదు.

అందరికీ రాశాం. రోజూ జవాబులు వస్తున్నాయి. కొందరు తొందరేమీ లేదన్నారు, కొందరు ఫలానా నెలలోగా అయితే బాగుంటుందన్నారు. అవన్నీ చూసుకుంటూ తేదీ ఒకటి అనుకున్నాం. ఉదయగిరి నుంచి మాత్రం ఏమీ రాలేదు.